హెరిటేజ్ వాక్ మొదలుపెడదామనుకుంటున్నా, 22 స్టాపులు మరీ ఎక్కువా?

కొత్తనడక
అందరికీ నమస్తే, ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, ఇన్నాళ్ళూ ఊరికే చదువుతూ పోయా. మేం ఉండే పేటలో పాత కట్టడాలు కొన్ని మిగిలాయి. ఒక రాతి బావి, మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్, లైబ్రరీ భవనం, నాలుగైదు పాత మేడలు. పెద్ద పేరున్నవేం కాదు, ఏ గైడు పుస్తకంలోనూ ఉండవు. వీటన్నిటినీ కలిపి ఒక హెరిటేజ్ వాక్ చేద్దామని ఆర్నెల్ల నుంచి కూర్చుని 22 స్టాపులు పెట్టుకున్నా, రెండు గంటలు అనుకున్నా, చెప్పాల్సింది 14 పేజీలు టైప్ కూడా చేసుకున్నా. పోయిన వారం ఇద్దరు ఫ్రెండ్స్‌ని ట్రయల్‌కి తీసుకెళ్ళా. తొమ్మిదో స్టాప్ దగ్గర ఒకడు ఫోన్ తీశాడు. పదకొండో దగ్గర రెండోవాడు "ఇంకా ఎన్నున్నాయిరా" అన్నాడు. అప్పటికే రెండు గంటలు దాటింది. నేను చెప్పేది బోరా, రూట్ తప్పా, లేక ఆ ఇద్దరే పనికిరానోళ్ళా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాతఇటుక
ఫ్రెండ్స్ పాపం మంచోళ్ళే, పదకొండు దాకా వచ్చారు.

లెక్క చూడు తమ్ముడూ. 22 స్టాపులు, ఒక్కోదానికి అయిదు నిమిషాలేసుకున్నా 110 నిమిషాలు నిలబడ్డానికే పోయాయి, మిగిలిన పది నిమిషాల్లో రూట్ మొత్తం నడవాలి. ఒక్క మనిషైతే గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు గానీ పదిహేను మంది గుంపు నడవదు, పాకుతుంది. ఒకరు చెప్పు సరిచేసుకుంటారు, ఒకరు ఫోటోకి ఆగుతారు, వాళ్ళిద్దరి కోసం ఇంకో ముగ్గురు ఆగుతారు. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, రెండు గంటలకి కిలోమీటరున్నర, మహా అయితే రెండు, స్టాపులు ఎనిమిది. తొమ్మిదోది పెట్టాలనిపిస్తే ముందున్న వాటిల్లో ఒకటి తీసేస్తా.

బోస్టన్‌లో ఫ్రీడమ్ ట్రెయిల్ అని ఉంది కదా, 1951లో విలియం స్కోఫీల్డ్ అనే జర్నలిస్టుకి వచ్చిన ఆలోచన అది, నేల మీద ఎర్ర గీత పట్టుకుని నడుచుకుంటూ పోతే నాలుగు కిలోమీటర్లలో 16 చోట్లు వస్తాయి. ఒక దేశం పుట్టిన కథ మొత్తం 16లో సరిపెట్టారు వాళ్ళు. నీకు 22 కావాలా?

కొత్తనడక
అన్నా లెక్క చూస్తే సిగ్గేసింది. కానీ ఏది తీసేయాలో తేలట్లేదు, అన్నీ ముఖ్యమే అనిపిస్తున్నాయి.

లైబ్రరీపురుగు
నేనో చిన్న పరీక్ష పెట్టుకుంటాను, పనికొస్తే వాడుకోండి. ఈ స్టాప్‌లో చెప్పబోయేది ఇంట్లో కుర్చీలో కూర్చుని చెప్పినా అంతే బావుంటుందా? అవును అంటే అది స్టాప్ కాదు, వ్యాసం. మనుషుల్ని ఎండలోకి లాక్కొచ్చి నిలబెట్టినందుకు అక్కడ కంటికి కనబడేది ఏదో ఒకటి ఉండాలి.

ఉదాహరణకి పాత మేడల గోడల మీద బయటివైపు గుండ్రటి ఇనప బిళ్ళలు కనిపిస్తాయి చూడండి, కొన్ని చోట్ల ఎక్స్ ఆకారంలో కూడా ఉంటాయి. చాలామంది అలంకారం అనుకుంటారు. లోపల ఇటు గోడ నుంచి అటు గోడ దాకా ఒక ఇనప కడ్డీ ఉంటుంది, గోడలు బయటికి ఒరిగిపోకుండా దాంతో బిగించి కట్టారన్నమాట. గుంపుని ఆపి "ఇది ఏమై ఉంటుంది" అని అడగండి, రెండు నిమిషాలు గోలగోలగా చెప్తారు. అప్పుడు రోడ్డు అవతలికి తీసుకెళ్ళి పక్క నుంచి గోడ చూపించండి, పొట్ట బయటికొచ్చినట్టు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ తర్వాత వాళ్ళే ప్రతి గోడ మీదా బిళ్ళలు వెతుక్కుంటారు, మీరు చెప్పక్కర్లేదు.

ఫ్రీమన్ టిల్డెన్ అని అమెరికా నేషనల్ పార్కుల కోసం పనిచేసిన ఆయన 1957లోనే ఈ సంగతి మీద ఒక పుస్తకమే రాశాడు. సమాచారం ఒలకబోస్తే సరిపోదు, వచ్చినవాళ్ళలో ఆసక్తి రగలాలి అన్నది ఆయన వాదన. మీ 14 పేజీలు పారేయకండి, సంచిలో పెట్టుకోండి, ఎవరైనా అడిగితే పనికొస్తాయి. అడక్కపోతే లేదు.

చెవులపిల్లి
నేను గైడ్‌ని కాదు, వాక్‌లకి వెళ్ళే మనిషిని, ఇప్పటికి ఓ పాతిక అయుంటాయి. వినేవాళ్ళ తరఫున నా గోడు: దయచేసి నడుస్తూ మాట్లాడకండి!! ముందు వరసలో ఉన్న ముగ్గురికే వినబడుద్ది, వెనక మేం పన్నెండు మందిమి ఏదో జోక్ అయిపోయాక నవ్వుల చప్పుడు వింటాం. ఆగండి, ఆఖరి మనిషి వచ్చేదాకా చూడండి, అప్పుడు మొదలెట్టండి. ఇంకోటి, ఎండ గైడ్ మొహం మీద పడాలి గానీ మా మొహం మీద కాదు, మీకు కష్టమే గానీ పదిహేను మంది కళ్ళు చికిలిస్తూ నిలబడితే ఏ గోడా కనబడదు. ఒకావిడ ఉండేది, ప్రతిచోటా ముందు మమ్మల్ని నీడలో నిలబెట్టి తను ఎండలోకి జరిగేది, ఆవిడ వాక్ నాలుగుసార్లు వెళ్ళా.

పాతఇటుక
చెవులపిల్లి చెప్పింది నూటికి నూరు. దానికి తోడు వెనకాల ఒక మనిషిని పెట్టుకో తమ్ముడూ, తలకాయ లెక్క చూడ్డానికి, రోడ్డు దాటేటప్పుడు తోక తెగిపోకుండా. మొదటి రోజుల్లో ఒక వాక్‌లో 14 మందితో బయల్దేరి 19 మందితో తేలా, దారిలో ఊరికే కలిసిపోయారు. అది సంతోషమే. ఇంకోసారి 16తో బయల్దేరి 11 మంది మిగిలారు, అది ఎలా జరిగిందో ఇప్పటికీ తెలీదు.

జోరుగాలి
ఇక్కడ అందరూ టీచర్లలా మాట్లాడుతున్నారు. బ్రో నేను దీని మీదే బతుకుతున్నా, వారానికి అయిదు టూర్లు. జనానికి కావాల్సింది కథ. దయ్యం, నిధి, ప్రేమ, హత్య. నీ బావికి ఏదో ఒక కథ ఉంటుంది చూడు, దాన్ని ఆఖర్లో పెట్టు, చప్పట్లు కొట్టకపోతే అడుగు.

కొత్తనడక
ఉంది భయ్యా, బావిలోంచి సొరంగం ఉందంట, ఆ చివర కొండ మీద కోటలో తేలుతుందంట. చిన్నప్పట్నుంచి వింటున్నా. దాన్నే ఆఖరి స్టాప్‌గా పెట్టుకున్నా.

లైబ్రరీపురుగు
హహ. సొరంగం లేని పాత బావి, సొరంగం లేని పాత కోట ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, నేనే టికెట్ కొంటా.

చెవులపిల్లి
మా వైపు కూడా ఉంది 😂 అందులోకి ఒక మేకని వదిలితే అవతల తేలిందంట. మేకే అని గట్టిగా చెప్తారు.

జోరుగాలి
చూశారా, అందరికీ గుర్తుంది. అదే కథకి ఉన్న పవర్. నిజమా కాదా అన్నది ఎవడికి కావాలి మేడమ్, వాళ్ళేమన్నా పరీక్ష రాయబోతున్నారా?

లైబ్రరీపురుగు
నాకు కావాలండీ. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది, ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత. పన్ను తప్పించుకోడానికి కొంతమంది కిటికీలు ఇటుకలతో మూసేశారు, ఇది నిజమే. కానీ దీంతో ఏమైందంటే అక్కడ ఏ పాత ఇంటికి మూసిన కిటికీ కనబడినా గైడ్లు పన్ను కథే చెప్తారు. చాలా ఇళ్ళకి అవి మొదట్నుంచీ ఉత్త గోడలే, లోపల మెట్లో పొగగొట్టమో అడ్డొస్తే బయట వరస చెడకుండా కిటికీ ఆకారం మాత్రం పెట్టారు. గుండ్రటి మెట్ల సంగతీ అంతే. పైనుంచి దిగే సైనికుడి కుడిచేతికి కత్తి తిప్పడానికి చోటు దొరకాలని కోటల్లో మెట్లు ఎక్కేవాళ్ళు కుడివైపు తిరుగుతూ వెళ్ళేలా కట్టారు అని ప్రతి చోటా వింటాం. ఎడమవైపు తిరిగే మెట్లున్న కోటలూ ఉన్నాయి మరి. వాళ్ళందరూ ఎడమచేతివాటం వాళ్ళా?

నష్టమేంటంటే ఈ రెడీమేడ్ కథ చెప్పిన చోట అసలు కథ వెతకడం ఆగిపోతుంది. ఇంటాయన్ని వెళ్ళి "ఈ కిటికీ ఎందుకు మూశారు" అని అడిగేవాడుండడు, ఎందుకంటే జవాబు ముందే తెలుసు కదా. కొత్తనడక గారూ, మీ బావి గురించి సొరంగం కాకుండా మీకు ఇంకేం తెలుసు?

కొత్తనడక
నిజం చెప్పాలంటే ఏమీ తెలీదు మేడమ్. లోతెంతో, ఎవరు తవ్వించారో, ఎవరు తోడుకునేవాళ్ళో... ఏదీ. ఇప్పుడే గమనించా.

పాతఇటుక
సొరంగం కథ తీసేయక్కర్లేదు. "ఇలా చెప్పుకుంటారు" అని విడిగా చెప్పు, గొంతు మార్చి చెప్పు, ఇది కథ అని తెలిసేలా. జనం తరతరాలుగా చెప్పుకుంటున్న మాట కూడా వారసత్వమే, 2003లో యునెస్కో పెట్టిన ఒప్పందం మాటల్ని, పాటల్ని, చేతిపనుల్ని కూడా లెక్కలోకి తీసుకుంది కదా. కాకపోతే దాన్ని చరిత్ర అని అమ్మకూడదు అంతే. జోరుగాలీ నువ్వు కూడా అలాగే చెప్పి చూడు, చప్పట్లేం తగ్గవు.

మూడోవీధి
నేను వీధి మనిషిని. అంటే మీరందరూ వచ్చి చూసి పోయే వీధిలో కాపురం ఉండేవాణ్ణి. ఈ థ్రెడ్ మొత్తం చదివా, స్టాపులు ఎన్ని, ఎండ ఎటు, కథ ఏంటి, అంతా మాట్లాడారు, ఆ ఇళ్ళల్లో ఉండేవాళ్ళని అడిగారా అని ఒక్కళ్ళూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున తువ్వాలు కట్టుకుని పేపర్ కోసం తలుపు తీశా. ఎదురుగా ఇరవై మంది. మధ్యలో గొడుగు పట్టుకున్నాయన నా వైపు చెయ్యి చూపించి "దురదృష్టవశాత్తూ ఈ ఇల్లు ఆదరణ లేక శిథిలమైపోయింది" అంటున్నాడు. నేను తలుపు తీసే ఉన్నా! ఆదరణ ఎక్కడో కాదు, అక్కడే తువ్వాలులో నిలబడి ఉంది! ఒకమ్మాయి ఫోటో తీసింది. ఆ ఇంటి పైకప్పు మా నాన్న తర్వాత నేను రెండుసార్లు బాగుచేయించా, కలప దొరక్క ఏడాది తిరిగా, అది వాళ్ళకెవరు చెప్పారు? ఎవరూ అడగలేదుగా.

చెవులపిల్లి
ఆదరణ తువ్వాలులో నిలబడి ఉంది 😭😭 సారీ అండీ నవ్వొచ్చింది గానీ కోపం న్యాయమే. ఆ ఫోటో తీసినమ్మాయి లాంటి దాన్నే నేనూ ఒకప్పుడు.

జోరుగాలి
సార్ రోడ్డు అందరిదీ కదా. రోడ్డు మీద నిలబడితే ఎవరి పర్మిషన్ కావాలి?

మూడోవీధి
రోడ్డు అందరిదే. నా కిటికీ ఎవరిది?

లైబ్రరీపురుగు
ఇది ఒక్క వీధి గొడవ కాదు. వెనిస్‌లో 2024 నుంచి టూర్ గ్రూపుకి 25 మందికి మించకూడదు, లౌడ్‌స్పీకర్ వాడకూడదు అని రూల్ పెట్టారు. సియోల్‌లో బుక్చోన్ అని పాత చెక్క ఇళ్ళ పేట ఉంది, అక్కడ జనం నిజంగా కాపురాలుంటున్నారు, గోల భరించలేక చివరికి బాగా రద్దీ ఉండే భాగంలోకి సాయంత్రం 5 నుంచి పొద్దున 10 దాకా టూరిస్టులు రాకూడదన్నారు. అంత దూరం రాకముందే మనం మర్యాదగా ఉంటే పోలా.

ఇంకో రకంగా జరిగిన ఉదాహరణ కూడా ఉంది, అహ్మదాబాద్. 1997 నవంబర్ 19న అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ మొదలెట్టిన వాక్ అది, కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయల్దేరి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మధ్యలో అంతా పోళ్ళు, అంటే ఒకే గేటు వెనక ఇళ్ళన్నీ ఒత్తుకుని ఉండే సందులు. పొద్దున్నే నడిపిస్తారు, షట్టర్లు తెరవకముందు, సామాన్లు బయట పెట్టకముందు, అప్పుడైతే ముంగిళ్ళ చెక్కడాలు కనబడతాయి, ఎవరి బేరానికీ అడ్డం కాదు. 2017లో ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ నగరం అయింది, మన దేశంలో మొదటిది. వాక్ వల్లే అయిందని నేననను. కానీ ఆ పాత ఇళ్ళు చూడదగ్గవి అన్న మాట ఇరవై ఏళ్ళపాటు రోజూ పొద్దున్నే ఆ సందుల్లో వినబడుతూ ఉంది.

కొత్తనడక
మూడోవీధి గారూ క్షమించండి, మా 22 స్టాపుల్లో 9 మనుషులు ఉంటున్న ఇళ్ళే. ఒక్క ఇంటి తలుపు కూడా కొట్టలేదు నేను. ఆర్నెల్లు లైబ్రరీలో, ఇంటర్నెట్‌లో వెతికా గానీ పక్కింటికి వెళ్ళలేదు. ఈ వారం అదే పని. వెళ్ళి ఏమని అడగాలి?

మూడోవీధి
మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ అడక్కు బాబూ. ఫలానా పని చేద్దామనుకుంటున్నా, మీ ఇంటి ముందు ఆగొచ్చా, వద్దంటే ఆగను, అని చెప్పు. ఏ రోజు, ఎన్నింటికి, ఎంతమంది అన్నది చెప్పు. ఫోటోలు ఏవి తియ్యొచ్చో ఏవి వద్దో వాళ్ళనే చెప్పమను. రెండోసారి వెళ్ళినప్పుడు నువ్వు అడక్కుండానే వాళ్ళే మొదలెడతారు, అప్పుడు సాయంత్రం దాకా వదలరు చూసుకో.

పాతఇటుక
రికార్డు చేసుకునేటట్టయితే ముందే అడిగి చెయ్యి. పాత ఫోటోలుంటే తీసుకుపోవద్దు, అక్కడే వెలుతురులో పెట్టి ఫోన్‌తో తీసుకుని వాళ్ళ కళ్ళ ముందే తిరిగిచ్చెయ్. ఒకాయన ఆల్బమ్ తీసుకెళ్ళి తిరిగివ్వని ఘనకార్యం వల్ల మాతో ఒక వీధి వీధంతా మూడేళ్ళు మాట్లాడలేదు.

నాలుగుచక్రాలు
కొంచెం పక్క విషయం. నేను వీల్‌చెయిర్‌లో వస్తా. ఎనిమిది స్టాపులు ఏవో తేలాక ఆ రూట్‌లో మెట్లెక్కడున్నాయి, రాళ్ళు పరిచిన నేల ఎంత దూరం, కూర్చునే చోటు ఎక్కడ అన్నది కూడా రాసి పెట్టండి. "అందరికీ అనువైనది" అని రాయొద్దు, అది అబద్ధం అవుద్ది. "రెండో స్టాప్‌లో ఇన్ని మెట్లు" అని రాస్తే నేనే చూసుకుంటా. వెళ్ళలేని చోటుందంటే బాధ లేదు, అక్కడిదాకా వచ్చాక తెలిస్తే బాధ.

కొత్తనడక
తప్పకుండా సార్. ఇది నా బుర్రకే రాలేదు.

(పన్నెండు రోజుల తర్వాత)

కొత్తనడక
రిపోర్ట్. పెద్దది, తిట్టుకోవద్దు.

తొమ్మిది ఇళ్ళలో ఇద్దరు వద్దన్నారు, తీసేశా. ఒకరు తలుపే తియ్యలేదు, అది కూడా వద్దనే లెక్కేసుకున్నా. మిగిలిన ఆరింటిలో ముగ్గురు కబుర్లు చెప్పారు.

ప్రెస్సులో పనిచేసిన పెద్దాయన ఒకాయన దొరికారు, కంపోజిటర్, అంటే అచ్చుకి అక్షరాలు పేర్చే పని, 31 ఏళ్ళు అక్కడే. తాళం ఆయన దగ్గరే ఉందంట, నాకు తెలీక ఆర్నెల్లు బయట నుంచి ఫోటోలు తీసుకున్నా. లోపలికి తీసుకెళ్ళి అక్షరాల సొరుగు లాగారు, కేసు అంటారంట, గళ్ళు గళ్ళుగా సీసపు అక్షరాలు, దుమ్ము మందంగా పట్టేసి ఉంది. అక్షరాలు పేర్చుకునే స్టిక్కు చేతిలో పట్టుకుని చూడకుండానే ఏ గడిలోంచి ఏ అక్షరం తియ్యాలో వేళ్ళకి గుర్తుంది, నాలుగు నిమిషాల్లో నా పేరు పేర్చి ఇచ్చారు, తిరగేసి. అక్షరాలు తిరగేసి చదవడం అలవాటై ఇప్పటికీ అద్దంలో షాపు బోర్డులు మామూలుగా చదివినంత తేలిగ్గా చదువుతా అన్నారు. ఎడమ బొటనవేలు కొంచెం అణిగిపోయి ఉంది, పేర్చిన లైన్ జారకుండా దాంతోనే నొక్కి పట్టుకోవాలంట. నేను రాసుకున్న 14 పేజీల్లో ప్రెస్ గురించి ఉన్నది ఓనర్ల పేర్లు మాత్రమే.

పైగా భవనం నెత్తిన సంవత్సరం చెక్కిన రాయి ఉంది, అదే కట్టిన ఏడాది అని రాసుకున్నా. ఆయన నవ్వి ఆ రాయి పాత భవనానిదయ్యా, అది కూలిపోయాక కొత్తది కట్టినప్పుడు తీసి ఇక్కడ పెట్టారు అన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, రాయి చుట్టూ గచ్చు రంగు వేరే.

లైబ్రరీపురుగు
అబ్బ. ఇది స్టాప్ అంటే. ఆ గచ్చు రంగు తేడా తప్పకుండా చూపించండి, తారీఖు రాయి నమ్మొద్దు అన్న పాఠం కంటితో నేర్చుకుంటారు. ఆయన వస్తారా వాక్‌కి?

కొత్తనడక
వస్తారు, కానీ మాట్లాడను, పేర్చి చూపిస్తా అన్నారు.

ఇక బావి. అసలు సంగతి ఇదే. బావి ఎదురింట్లో ఒక అమ్మమ్మగారు ఉన్నారు, ఎనభై దాటింది. సొరంగం గురించి అడిగా. "ఏమో నాయనా, మమ్మల్ని ఆ గట్టు ఎక్కనిస్తే కదా సొరంగం ఉందో లేదో తెలిసేది" అన్నారు. ఆగిపోయా. వాళ్ళ చిన్నప్పుడు బిందె కింద పెట్టి గట్టుకి ఇవతల నిలబడాలంట, తోడుకునేవాళ్ళల్లో ఎవరికైనా దయ కలిగితే పైనుంచి పోస్తారు, లేకపోతే ఎండలో నిలబడ్డమే. ఎక్కడ నిలబడేవాళ్ళో చూపించారు. రోజూ ఆ చోటు మీదుగానే వెళ్తా నేను.

దీన్ని ఏం చెయ్యాలో తెలీట్లేదు. చెప్తే కొంతమందికి కోపం వస్తుంది, చెప్పకుండా సొరంగం కథ చెప్పి చప్పట్లు కొట్టించుకోడం ఇక నా వల్ల కాదు.

జోరుగాలి
బ్రో నిజంగా చెప్తున్నా, ఇది చెప్తే మూడ్ పోతుంది. జనం సెలవు రోజు సరదాగా వస్తారు.

మూడోవీధి
ఆవిడ మూడ్ ఎవరడిగారు?

పాతఇటుక
గొడవొద్దు. తమ్ముడూ ముందు ఆవిడని అడుగు, ఇది చెప్పొచ్చా, పేరు చెప్పొచ్చా, మీరుండగా చెప్పాలా లేనప్పుడా అని. ఆవిడ కాదంటే అక్కడితో అయిపోయింది, అది ఆవిడ కథ, మనది కాదు.

ఔనంటే మాత్రం చెప్పు. ఉపన్యాసం వద్దు. జర్మనీలో గుంటర్ డెమ్నిగ్ అనే శిల్పి 1992 నుంచి ఒక పని చేస్తున్నాడు, నాజీలు పట్టుకుపోయిన మనుషులు ఆఖరిసారి ఇష్టపడి కాపురమున్న ఇంటి ముందు ఫుట్‌పాత్‌లో పది సెంటీమీటర్ల పలకలు పాతిస్తాడు, ఇత్తడి రేకు మీద పేరు, పుట్టిన ఏడు, ఏమయ్యారో రెండు మాటలు. అంతే. చదవాలంటే తల వంచాలి. నీకు పలక కూడా అక్కర్లేదు. గుంపుని ఆవిడ చూపించిన చోటే నిలబెట్టు, ఎందుకు అక్కడ నిలబెట్టావో నాలుగు మాటల్లో చెప్పు. ఆ తర్వాత ఒక నిమిషం నువ్వు నోరు మూసుకో, గైడ్లకి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

చెవులపిల్లి
నేను సరదా కోసమే వెళ్తా వాక్‌లకి. కానీ పాతిక వాక్‌లలో ఏ రాజు ఏ ఏడాదో ఒక్కటీ గుర్తులేదు, ఇలాంటివే గుర్తున్నాయి. నా ఓటు చెప్పమనే.

లైబ్రరీపురుగు
ఒక్కటి మాత్రం. దాన్ని ఆఖరి స్టాప్‌గా పెట్టకండి, బరువు మోసుకుని ఇంటికి పంపినట్టవుతుంది, మాట్లాడుకునే టైమ్ ఉండదు. మధ్యలో పెట్టండి, తర్వాత కొంచెం ఎక్కువ దూరం నడిపించండి, ఆ నడకలో వాళ్ళే మాట్లాడుకుంటారు. ప్రెస్ ఆఖర్న పెట్టండి, పెద్దాయన దగ్గర ఎంతసేపైనా ఉండిపోవచ్చు.

కొత్తనడక
అడిగా. "చెప్పు, పేరు మాత్రం వద్దు, నువ్వు తప్పు చెప్తే కిటికీలోంచి అరుస్తా" అన్నారు.

చెవులపిల్లి
గైడ్‌కి ఇంతకంటే మంచి ఎడిటర్ దొరకదు.

జోరుగాలి
సరే నేనూ ఒక మాట ఒప్పుకుంటా. నా టూర్‌లో ఒక పాత సత్రం ఉంది, దయ్యం కథ చెప్తా. పోయిన వారం ఆ పక్క షెడ్డులో ఒకాయన పిలిచి "ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పడుకుంటున్నా, ఏ దయ్యమూ లేదు, మీ గోలకే నిద్ర పట్టట్లేదు" అన్నాడు 😅 ఆయన్ని ఇంకా ఏమీ అడగలేదు నేను. ఈ వారం టూర్ లేని పూట వెళ్తా. బ్రో నువ్వు డబ్బు తీసుకుంటున్నావా, ఫ్రీనా?

కొత్తనడక
మొదటి నాలుగు ఫ్రీ భయ్యా, చేతకాని దానికి డబ్బెలా అడుగుతా. తర్వాత చూద్దాం.

పాతఇటుక
ఫ్రీ అంటే తక్కువ కాదు. జేన్ జేకబ్స్ అని నగరాల్లో వీధి బతుకు గురించి రాసిన ఆవిడ 2006లో పోయాక ఆవిడ స్నేహితులు టొరంటోలో 2007లో జేన్స్ వాక్ మొదలెట్టారు, మే మొదటి వారాంతం, అంతా ఉచితమే, నడిపించేది అక్కడి మామూలు మనుషులే. ఇప్పుడు ఎన్నో దేశాల్లో చేస్తారు. అందులో నడిపించేవాడు ఒక్కడే మాట్లాడడు, వచ్చినవాళ్ళూ మాట్లాడతారు, అది నాకు నచ్చుతుంది. కాకపోతే పెద్దాయనకి మాత్రం నీ జేబులోంచైనా ఏదో ఒకటి ఇవ్వు. ఆయన పని ఫ్రీ కాదు.

కొత్తనడక
ఇచ్చే తీరతా అన్నా. ఫైనల్ రూట్ ఇదీ: ఏడు స్టాపులు, కిలోమీటరున్నరకి కొంచెం తక్కువ, 15 మంది. ఇనప బిళ్ళల మేడ దగ్గర మొదలు, నాలుగోది బావి, తర్వాత లైబ్రరీ దాకా పెద్ద నడక, ఆఖరు ప్రెస్. కూలిపోయిన సినిమా హాలు స్థలం కూడా పెట్టా, అక్కడ ఇప్పుడు ఖాళీ స్థలమే, చూపించడానికి ఏమీ లేదే అని ముందు తీసేశా, మళ్ళీ పెట్టా.

లైబ్రరీపురుగు
ఉంచండి. లండన్‌లో గొప్పవాళ్ళ ఇళ్ళకి నీలం ఫలకాలు పెట్టే పథకం ఉంది కదా, 1867లో అందులో మొట్టమొదటిది కవి బైరన్ పుట్టిన ఇంటికి పెట్టారు. 1889లో ఆ ఇల్లే పడగొట్టేశారు. మిగలనివి కూడా రూట్‌లో ఉండాలి. ఖాళీ స్థలం అంచున నేల పరీక్షగా చూడండి, పాత గచ్చు, మెట్టు రాయి, ఏదో ఒకటి మిగిలే ఉంటుంది.

నాలుగుచక్రాలు
రూట్ బావుంది. మెట్ల సంగతి?

కొత్తనడక
టేపు పెట్టి కొలిచా సార్. లైబ్రరీకి పక్క గేటు ఉంది, మెట్టు లేదు. బావి గట్టు ఎవరూ ఎక్కరు, అందరం ఇవతలే. ప్రెస్ గుమ్మం దగ్గర ఒకే మెట్టు, 15 సెంటీమీటర్లు.

నాలుగుచక్రాలు
ఒకటికి పన్నెండు లెక్క. 15 సెంటీమీటర్ల ఎత్తుకి 180 సెంటీమీటర్ల వాలు ఉండాలి, అంతకంటే పొట్టి చెక్కైతే వెనక్కి పడతా. గుమ్మం వెడల్పు?

కొత్తనడక
84. చెక్క కోసం వెతుకుతుంటే పెద్దాయనే లోపల్నుంచి ఒకటి తీశారు, కాగితం బండిళ్ళు దించుకోడానికి వాడేవాళ్ళంట, రెండు మీటర్లు ఉంది, బరువు ఆగుద్దో లేదో తెలీదు. ఆదివారం జనం రాకముందు ఏడింటికి వచ్చి ఒకసారి ఎక్కి చూస్తారా సార్? నేను వెనక పట్టుకుంటా.

నాలుగుచక్రాలు
ఆరున్నరకే వస్తా. ముందు నువ్వు ఎక్కి గెంతు, తర్వాత నేను.